సంచి తాత నవ్వు

"కండ్లు తెల్లగ చెయ్యకు," అన్నది నీలా, భర్త భుజం మీదినుంచి కంప్యూటర్‌లోకి వంగి చూస్తూ. "తెల్లగుడ్లు పెడితే దయ్యమైతడు. దయ్యాన్ని చూస్తే ఈ కాలం పిల్లలు పకపక నవ్వుతున్నరు. చంద్రకేతు కండ్లు ఆయనకే ఉండనియ్యి. నవ్వు పెట్టు."

వినోద్ వెనక్కి తిరిగి చూసిండు. "నవ్వా?"

"ఆఁ. సినిమాల బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు నవ్వుతడు సూడు, గా నవ్వు."

సూర్యాపేట కొత్త బస్టాండు అవతల ఉన్న ఫ్లెక్సుల షాపులో వినోద్‌ది బొమ్మలు కూర్చే పని. మధ్యాహ్నం సేటు అన్నానికి పోయిన వేళ నీలా కూతురు హారికను చంకనేసుకొని టిఫిన్ డబ్బాతో వస్తది. ఆయన తింటుంటే ఆమె ఫ్లెక్సుల అంచులు మడిచి అతికిస్తది, తాళ్ళు కట్టేందుకు మూలలకు రింగులు కొడుతది. ఏడో తరగతిలో బడి మాన్పించిన మనిషి. కానీ బొమ్మలో ఏది ఎక్కడుంటే చూసేవాడి కన్ను నిలుస్తదో ఆమెకు తెలుసని వినోద్ కూడా ఒప్పుకుంటడు, నలుగురి ముందర తప్ప.

ఈ బొమ్మ మిర్యాలగూడ అభిమాన సంఘం వాళ్ళది. పోయిన ఏడు ఆడిన దయ్యం సినిమాలో పిల్లల్ని ఎత్తుకపోయేవాని ముఖం చివరిదాకా చూపించలేదు. వంగిన వీపు, భుజాన సంచి, గోడ మీద నీడ. అంతే. రెండో భాగం వస్తున్నదని తెలిసినప్పటినుంచి ఆ ముఖం ఎవరిదన్నదే అందరి ముచ్చట. మన చంద్రకేతు అయితే ఎట్లుంటదో చూపించు, ఆయన పుట్టినరోజుకు ఆదివారం నడిసెంటర్‌లో కడుతం అన్నరు సంఘం వాళ్ళు. చంద్రకేతు అంటే నీలా పుట్టకముందు నుంచి తెరమీద తండ్రి, లేకుంటే దేవుడు. గరిడేపల్లి పక్క తండాలో నీలా తల్లి ఆయన టీవీలో కనపడితే చేతిలో రొట్టె పక్కకు పెట్టి దండం పెట్టేది.

"ఆయనను విలన్ జేస్తే ఎవడు భయపడుతడే?" అన్నడు వినోద్.

"ఆయనైతెనే భయం. దొంగ ముఖమోడొస్తే తలుపేసుకుంటం. ఈయనొస్తే పిల్లను మనమే ఎత్తి చేతికిస్తం గదా."

వినోద్ నవ్వు పెట్టిండు. పెదవి ఒక పక్కకు కొంచెం లాగిండు. ఇద్దరి చేతుల మీద వెంట్రుకలు లేచినయి.

ఇగ ముఖానికి తగ్గ ఒళ్ళు కావాలె. ఇంటర్‌నెట్‌లో దొరికిన సంచి మనుషులందరూ వేరే దేశపోళ్ళ లెక్క ఉన్నరు. ఫోన్‌లో పాత ఫొటోలు జరుపుకుంట జరుపుకుంట వినోద్ ఒకచోట ఆగిండు. బీరప్ప. చిక్కు వెంట్రుకలు కొనుక్కుంట తిరిగే ముసలాయన. మిర్యాలగూడ నుంచి బస్సులో వస్తడు. నీలా వాళ్ళ గుమ్మం ముందు వంగి, భుజాన సంచితో, హారిక జడకు క్లిప్పు పెడుతుంటే నీలాయే తీసింది ఆ ఫొటో. గోనెసంచి కింది మూల ఆకుపచ్చ మాసిక కూడా నీలా కుట్టిందే, తన పాత జాకెట్టు గుడ్డతో.

"బీరప్ప తాతది వద్దయ్యా," అన్నది.

"మెడ పైన ఉండడు గదా. మెడ కింద మనిషిని ఎవడు గుర్తుపడుతడు?"

ఫొటోలోంచి హారికను చెరిపేసి, ఆమె ఉన్నచోట చీకటి నింపిండు. క్లిప్పు పట్టుకున్న చెయ్యి మాత్రం అట్లనే ముందుకు చాచి ఉన్నది. చంద్రకేతు తల తెచ్చి ఆ మెడ మీద పెట్టిండు.

బొమ్మ ఆ సాయంత్రమే అభిమానుల ఫోన్లలోకి పోయింది. పొగడ్తలు ఒకటా రెండా. వినోద్ అన్నం తింటూ చదివి వినిపించిండు. నవ్వు సంగతి మెచ్చుకున్నోళ్ళే ఎక్కువ. నీలా పెరుగు వడ్డిస్తూ తల వంచుకొని మురిసిపోయింది.

మరునాడు పొద్దున ఆ బొమ్మ ఇంట్లో ఇంకో పనికి వచ్చింది.

హారికకు నాలుగేండ్లు. అన్నం అంటే నోరు కుట్టుకుంటది. అంగన్‌వాడీలో తూకం వేసిన ప్రతిసారి టీచరమ్మ పెదవి విరిచి, ఏం పెడుతున్నవమ్మా పిల్లకు అని అడుగుతది. ఆ మాట నీలాకు ఇంటికొచ్చినా చెవిలోంచి పోదు. ముద్ద కలిపి, కాకిని చూపించి, కోడిపిల్లను చూపించి, ఇల్లంతా తిప్పి, చివరికి తనే ఏడుపుకొచ్చేది. ఆరోజు పప్పన్నం ముద్ద బుగ్గలో పెట్టుకొని పిల్ల కూర్చున్నది, మింగదు, ఉమ్మదు. నీలా ఫోన్ తీసి బొమ్మ చూపించింది.

"తిను. తినకుంటే సంచి తాతొస్తడు. నవ్వుకుంట వస్తడు."

గొంతు తగ్గించి, ప్రేమగా అన్నది. ఎట్లంటే భయమైతదో ఆమెకు తెలుసు. హారిక గుటుక్కున మింగింది. ఇంకో ముద్దకు తనే నోరు తెరిచింది. గిన్నె అడుగు కనిపించేసరికి నీలాకు కండ్లల్లో నీళ్ళొచ్చినయి. గిన్నె ఖాళీ అయిందంటే ఇన్నేండ్లలో అది మొదటిసారి.

అప్పటినుంచి పూటపూటా అదే. ఫోన్ తీసే పని కూడా లేకుండా పోయింది, చెయ్యి ఫోన్ దిక్కు జరిగితే చాలు. పిల్ల తింటున్నది. కానీ తిన్నంక ఆడుకోను బయటికి పోతలేదు. తల్లి కొంగు పట్టుకొని కుట్టుమిషను కాడ కూర్చుంటది. చీరకు ఫాల్ కుట్టుతుంటే, తండా మాటలో అమ్మను పిలుస్తూ, మాటిమాటికీ అడుగుతది:

"యాడీ, గడె పెట్టినవా?"

"పెట్టిన బిడ్డా."

కొంచెం సేపటికి మళ్ళా. యాడీ, గడె పెట్టినవా? నీలా లేచిపోయి తలుపు గడె చూసి వచ్చేది. పెట్టే ఉండేది. పిల్ల కోసం లేచినననుకునేది గానీ, రెండోసారి లేచినప్పుడు ఆమె వీపు మీద కూడా ఏదో పాకినట్టు అయ్యేది. ఫోన్‌ను బోర్ల పెట్టుడు అలవాటు చేసుకున్నది.

కోదాడ నుంచి అక్క సరళ ఫోన్ చేసింది. ఆమె మొగుడు అక్కడ హైవే పక్క హోటల్‌లో వంటమనిషి. ఆ దిక్కు ఉండి ఉండి సరళ మాట కొంచెం ఆంధ్రా దిక్కు జారింది.

"పిల్లను బయటికి పంపుతున్నావా ఏంటే? మా గ్రూపుల్లో ఒకటే వస్తుంది. మునగాల దగ్గర ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుపోయాడంట. నీకు పంపిస్తున్నా, చూడు."

వచ్చింది. పైన సినిమా పేరు లేదు. కింద సంఘం పేరు లేదు. రంగు తగ్గించి, ఎవరో రోడ్డు మీద తీసినట్టు మసక చేసి పెట్టిన్రు. చంద్రకేతు ముఖం ఆ మసకలో చంద్రకేతు లెక్క లేదు, ఎవరో మంచి ముసలాయన లెక్క ఉన్నది. పెదవి మాత్రం అట్లనే పక్కకు లాగి ఉన్నది. దాని వెంట ఏడుస్తున్న ఒక ఆడమనిషి గొంతు: అక్కలారా, ఈ మనిషి సంచితో మీ వాడకట్టుకు వస్తే వదలకండి.

నీలా అది వినోద్‌కు చూపించింది. మొదలు నవ్విండు. తర్వాత ఫోన్ తీసుకొని దగ్గరికి పెట్టుకొని, సంచి మూలన పచ్చ మాసికను పెద్దగ చేసి చూసిండు.

"మనమే చేసినమని చెప్పరాదు?" అన్నది.

"చెప్తే? పిల్లల దొంగ బొమ్మ జేసినోడని నన్నే పట్టుకుంటరు. రెండ్రోజులాగు, అదే సల్లబడుతది. ఊర్లె ఇసొంటియి ఎన్ని రాలేదు, ఎన్ని పోలేదు."

మొగుడు చెప్పిన దాంట్లో నీలాకు తప్పేమీ కనపడలేదు. ఆ పూట హారికకు అన్నం పెడుతూ సంచి తాత మాట ఎత్తొద్దనుకున్నది. పిల్ల మూడో ముద్దకు నోరు మూసింది. టీచరమ్మ పెదవి విరుపు యాదికొచ్చింది. ఎత్తింది.

ఆమెకు అర్థం కానిది ఒక్కటే. ఆ తల ఎవరిదో తెలుసు. ఆ ఒళ్ళు ఎవరిదో తెలుసు. ఆ నవ్వు తను చెప్పి పెట్టించిందే. అయినా బట్టలు ఆరేయడానికి బయటికి పోతే వీధి మలుపు దిక్కు ఒకసారి చూడకుండా ఉండలేకపోతున్నది.

బీరప్ప గురువారం వచ్చిండు.

ఆ వీధి ఆడోళ్ళు తలదువ్వుకున్న వెంట్రుకలను ఎక్కడపడితే అక్కడ పారెయ్యరు. వేలికి చుట్టి, ఉండ చేసి, కిటికీ సందులోనో మీటరు డబ్బా వెనకనో దాస్తరు. పరాయోళ్ళ చేతికి చిక్కితే చేతబడి చేస్తరని భయం. చెత్తబండికి కూడా వెయ్యని ఆ వెంట్రుకలను బీరప్ప చేతిలో మాత్రం కండ్లు మూసుకొని పెడుతరు. ఆయన చిన్న త్రాసులో తూచి గిన్నెనో, క్లిప్పులో, సూదుల పొట్లమో ఇస్తడు. ఎవరి తల నెరుస్తున్నదో, ఎవరికి జుట్టు రాలుతున్నదో ఆ వీధిలో ఆయనకు తెలిసినట్టు వాళ్ళ మొగుళ్ళకు కూడా తెలియదు. శాంతకుమారమ్మకు, అంటే నీలా వాళ్ళ ఇంటి ఓనరమ్మకు, వెంట్రుకలు మరీ ఊడుతున్నయని ముందుగాల చెప్పిందీ, దవాఖానకు పొమ్మన్నదీ ఆయనే. ఒంట్లో రక్తం లేదని అక్కడ తేలింది.

"చిక్కెంట్రుకలూ..." అన్న పిలుపు మలుపు కాడ వినపడ్డప్పుడు నీలా మిషను మీద ఉన్నది. ఆమె చెయ్యి అలవాటుగా కిటికీ సందులోని ఉండ దిక్కు పోయింది. హారిక ఆనాడే, ఎన్ని రోజులకో, గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నది. శాంతకుమారమ్మ పిల్లి పిల్లలను పెట్టింది. వాటి కోసం.

బీరప్ప ఎప్పటిలెక్కనే వచ్చి గుమ్మం ముందు వంగిండు. సంచిలో చెయ్యిపెట్టి ఎర్ర క్లిప్పు ఒకటి తీసిండు. "బంగారు తల్లీ," అని నవ్విండు.

హారిక కేక పెట్టింది.

అది ఏడుపు కాదు. గొంతు చీరుకుపోయిన కేక. నీలా మిషను మీద కాలు తీయకుండానే లేచింది, దారం తెగింది, చీర జారింది. గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురుగా వంగిన వీపు, భుజాన గోనెసంచి, దాని మూలన ఆకుపచ్చ మాసిక, ముందుకు చాచిన చెయ్యి. తల ఎత్తిండు. నవ్వుతున్నడు. ఆ మెడ మీద ఆ క్షణాన బీరప్ప ముఖం లేదు.

పిల్లను రెక్క పట్టి లోపలికి గుంజింది. తలుపు వేసింది. గడె పెట్టింది.

"అమ్మా, నేనమ్మా. బీరప్పను," అన్నది బయట గొంతు. కొంచెం నవ్వుతూనే. "పిల్ల జడుసుకున్నట్టున్నది. క్లిప్పు మెట్టు మీద పెడుతున్న."

నీలా గడె మీద చెయ్యి పెట్టింది. తియ్యాలె. బీరప్పే గదా. హారిక ఆమె కాళ్ళను చుట్టుకొని, వద్దు యాడీ, వద్దు యాడీ అంటున్నది. బయట ఎవరో ఉరికొస్తున్న చప్పుడు. మూల మీది కిరాణా సంపత్ గొంతు వినపడ్డది. ఏ ఊరు నీది, సంచిల ఏమున్నది అని అడుగుతున్నడు.

"వెంట్రుకలు బిడ్డా."

"ఎవరి వెంట్రుకలు?"

"అందరియి. మీ అమ్మది గూడ ఉన్నది."

ఆ మాటకు ఎవరో తిట్టిన్రు. ఇంకెవరో ఫోన్‌లో బొమ్మను చూపిస్తున్నట్టున్నరు, సంచి చూడన్నా, సంచి అదే, పచ్చ గుడ్డ చూడు అంటున్నరు. అప్పుడు సంపత్ అన్న మాట నీలాకు తలుపు అవతలి నుంచి, ఒక్కొక్క ముక్క, సాఫ్‌గా వినపడ్డది:

"ఎప్పుడొచ్చినా పిలిచి కూసోబెట్టే నీలక్కనే తలుపేసుకున్నదంటే సమజ్ గాదా?"

తర్వాత మొదటి దెబ్బ. గడె మీద ఆమె చెయ్యి ఉన్నది. చెయ్యి కదలలేదు. ఇంకో చేత్తో హారిక చెవులను తన కడుపుకు అదుముకున్నది. ముసలాయన మొదలు అమ్మా అన్నడు, తర్వాత ఏమీ అనలేదు. ఇంటెనక నుంచి శాంతకుమారమ్మ అరుచుకుంట వచ్చి మీద పడ్డదాకా ఆ చప్పుడు ఆగలేదు.

నీలా గడె తీసేసరికి ఆయనను ఆటోలో ఎక్కిస్తున్నరు. సంచి చీలి రోడ్డు మీద పడి ఉన్నది. గాలికి వెంట్రుకల ఉండలు వీధంతా దొర్లుతున్నయి. నల్లయి, నెరిసినయి, గోరింటాకు పెట్టి ఎర్రబడ్డయి. ఆడోళ్ళు గుమ్మాల్లో నిలబడి తమది ఏదో, పక్కింటామెది ఏదో తెలియక, ముట్టుకోవాలంటే భయపడి చూస్తున్నరు. ఒక్క శాంతకుమారమ్మ మాత్రం వంగి వంగి, పైట చెంగులో ఏరుతున్నది. ఎర్ర క్లిప్పు మెట్టు మీదనే ఉన్నది.

తర్వాత అడిగితే వీధిలో ఎవరూ కొట్టలేదు. అందరూ ఆపుదామనే ఉరికొచ్చిన్రట. సంపత్‌ను, ఇంకో ఇద్దరిని పోలీసులు తీసుకపోయి కూర్చోబెట్టిన్రు. ఫోన్లలోంచి బొమ్మలు చెరిగిపోయినయి, గ్రూపుల్లోంచి గొంతులు చెరిగిపోయినయి. చెయ్యి విరిగింది, పక్కటెముక చిట్లింది, పానం మంచిగనే ఉన్నది, ఊరికి తోలిచ్చిన్రు అని శాంతకుమారమ్మ చెప్పింది. ఆమె నీలాను ఒక్కటే అడిగింది, నువ్వెందుకు తలుపు తియ్యలేదు బిడ్డా అని. పిల్ల ఏడ్చిందమ్మా అన్నది నీలా. ఆమె తల ఊపి పోయింది.

శనివారం షాపులో ఆదివారం ఫ్లెక్సు తయారై ఉన్నది. నేల మీద పరిచిన్రు, గోడనుంచి గోడదాకా. వినోద్ ముఖం చూడకుండా, రింగులు కొట్టు, సాయంత్రం బండి వస్తది అన్నడు. నీలా మోకాళ్ళ మీద కూర్చున్నది. ఆకుపచ్చ మాసిక ఆమె రెండు చేతులంత ఉన్నది. తను వేసిన కుట్లు ఒక్కొక్కటి కనపడుతున్నయి. ఒకచోట దారం తక్కువై వంకరగా ముగించిన ముడి కూడా ఉన్నది.

"ఇది యాడ కడుతరు?" అన్నది.

"చెప్పిన గదా. మిర్యాలగూడ."

"ఆయన ఊరు గది."

వినోద్ రింగుల డబ్బాను ఆమె దిక్కు జరిపిండు.

"ఇది కట్టినంక ఆయన యే తొవ్వన నడుస్తడు?"

సంఘం వాళ్ళకు ఏం చెప్పాలె, సేటుకు ఏం చెప్పాలె, ఇప్పుడు చెప్తే దొరికిపోతం అని వినోద్ గొణిగిండు. కోపంగా కాదు, బతిమిలాడినట్టు. నీలా రింగులు కొట్టే మిషను పక్కకు పెట్టి, బట్టల కత్తెర తీసింది. మెడ కాడ మొదలుపెట్టింది. ఫ్లెక్సు మందంగా ఉంటది, కత్తెర కరకర నమిలినట్టు పోయింది. ఈ చివరనుంచి ఆ చివరికి, తల ఒక దిక్కు, ఒళ్ళు ఒక దిక్కు. తల ఉన్న ముక్కను చుట్టి వినోద్ చేతికిచ్చింది.

"ఇది ఆయనది. దీనికి దండలేసుకోమను."

తర్వాత ఫోన్ తీసి, రాస్తే తప్పులు పోతయని, మాట్లాడి సరళకు పంపింది, నీకు యే గ్రూపుల వచ్చిందో ఆ గ్రూపులనే వెయ్యి అని. "ఆ బొమ్మ మేమే చేసినం. ముఖం సినిమాలాయనది. సంచి మిర్యాలగూడ బీరప్ప తాతది. ఆయనకేం తెల్వదు. నవ్వు నేను పెట్టమన్న." వినోద్ ఆపలేదు. చివరికి వంగి, ఆమె చేతిలోని ఫోన్‌లో తన పేరు కూడా చెప్పిండు.

సోమవారం పోలీసులు పిలిచిన్రు, పోయి చెప్పొచ్చిన్రు, మళ్ళా పిలుస్తమన్నరు. సేటు ఇగ రావద్దన్నడు. ఆ మరునాడు నీలా హారికను తీసుకొని మిర్యాలగూడ బస్సెక్కింది.

నడిసెంటర్‌లో ఫ్లెక్సు కట్టాల్సిన కర్రల చట్రం ఖాళీగా నిలబడి ఉన్నది. అందులోనుంచి ఆకాశం కనపడుతున్నది. అయినా దాని కిందినుంచి నడిచేటప్పుడు నీలా తల ఎత్తి చూడలేదు. బీరప్ప ఇల్లు రైసు మిల్లుల వెనక, తవుడు వాసనలో మునిగిన సందులో ఉన్నది. ఆయన బిడ్డ హిమజ తలుపు తీసింది. ఎవరన్నది అడిగింది. సూర్యాపేట, ఆ వీధి అని నీలా చెప్పినంక చాలాసేపు తలుపు పట్టుకొనే నిలబడ్డది. చంకలో పిల్లను చూసి పక్కకు జరిగింది.

"నీ ఫోన్ మాట మా దాంక వచ్చింది," అన్నది. "అది విన్నంకనే మా సందోళ్ళు మాట్లాడుతున్నరు. గందుకు రానిస్తున్న."

లోపల బీరప్ప గోడ దిక్కు తిరిగి పడుకొని ఉన్నడు. తలకు కట్టు, చేతికి పట్టీ. పక్కన గిన్నెలో అన్నం ఎండిపోయి ఉన్నది. తినడని హిమజ చెప్పింది. బయటికి రాడు. బడి విడిచే యాళ్ళకు పిల్లల చప్పుడైతే దుప్పటి కప్పుకుంటడు. వాళ్ళు చూస్తే జడుసుకుంటరంటడు.

హారిక చంక దిగింది. పట్టుకోను నీలా చెయ్యి చాపింది. కానీ పిల్ల గుర్తుపట్టలేదు. సంచి లేదు. వంగిన వీపు లేదు. నవ్వు లేదు. కట్టు కట్టుకున్న ఒక తాత మంచంలో ఉన్నడు, అన్నం తినకుండా. అది హారికకు బాగా తెలిసిన సంగతి. హిమజ కొత్తగా కలిపి తెచ్చిన గిన్నె దగ్గరికి గుంజుకొని, చిన్న ముద్ద చేసి, మంచం పట్టె మీదికి వంగింది.

"తిను తాతా."

ఆయన దుప్పటి పైకి లాక్కున్నడు. "బిడ్డను తీస్కపోండమ్మా," అన్నడు గోడతోని. "జడుసుకుంటది."

హారిక గొంతు తగ్గించింది. అచ్చం తల్లి లెక్కనే, ప్రేమగా అన్నది:

"తిను. తినకుంటే సంచి తాతొస్తడు. నవ్వుకుంట వస్తడు."

హిమజకు అర్థం కాలేదు. చెంబులో నీళ్ళు పోస్తున్నది. బీరప్ప దుప్పటి మెల్లగా కిందికి జారింది. తల తిప్పిండు. పిల్లను చూడలేదు. పిల్ల వెనక నిలబడ్డ నీలాను చూసిండు, చానాసేపు. ఫోన్‌లో చెప్పనిది, శాంతకుమారమ్మకు చెప్పనిది, పోలీసులకు చెప్పనిది అంతా ఆయన ఒక్క చూపులో చదువుకుంటున్నట్టు ఉన్నది. నీలా చూపు దించలేదు, అదొక్కటే చేయగలిగింది.

"వస్తడా బిడ్డా?" అన్నడు బీరప్ప, హారికతోని.

"వస్తడు."

"ఐతె పెట్టు."

నోరు తెరిచిండు. పిల్ల ముద్ద పెట్టింది. నమిలి మింగి, ఇంకోసారి తెరిచిండు. బయట బడి విడిచినట్టున్నరు, సందులో పిల్లల అడుగులు, అరుపులు దగ్గరికొస్తున్నయి. ఆయన చెయ్యి దుప్పటి అంచు కోసం వెతికింది. ముద్ద నోట్లోనే ఉన్నది.

"గడె పెట్టిన్రా?" అని అడిగిండు.

నీలా పోయి గడె పెట్టింది. ఈసారి ఆయన లోపలున్నడు.